మండువా నీళ్ళు ఎటు పోయేవి? కోనసీమలో ఒక పాత ఇంటి కేస్ స్టడీ

పాత ఇళ్ళ మరమ్మతు పనిలో నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. చేసినవాటిలో ఎక్కువ గోదావరి డెల్టాలోని పెంకుటిళ్ళే. వాటిలో ఈ ఒక్క ఇంటి సంగతి వివరంగా రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ ఇంటి గోడలకు పట్టిన చెమ్మకు కారణం ఒక పంపకాల దస్తావేజులోనూ, చిన్నప్పుడు అక్కడ అద్దెకున్న ఒక పెద్దావిడ జ్ఞాపకంలోనూ దొరికింది. అక్కడికి చేరేలోపు నేను రెండు తప్పులు చేశాను. ఇంటివారు రాయడానికి ఒప్పుకున్నారు. ఊరు, పేర్లు, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

కోనసీమలో కాలువ గట్టుకు దగ్గరగా ఉన్న ఊరు. జమీందారుల మేడలాంటిది కాదు, ఒక మాదిరి రైతు కుటుంబం కట్టుకోగలిగిన చిన్న మండువా లోగిలి. వీధి వైపు రెండు అరుగులు, మధ్యలో సింహద్వారం. లోపలికి వెళ్తే సుమారు తొమ్మిది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవున్న మండువా, అంటే చుట్టూ కప్పులు లోపలికి వాలే, పైన కప్పులేని నడిమి చోటు. దాని నాలుగు మూలలా నాలుగు టేకు స్తంభాలు, చుట్టూ వసారా, వసారా వెనక గదులు. గోడలు పద్దెనిమిది అంగుళాల మందం. ఇటుకను మట్టి అడుసుతో పేర్చి, పైన డంగు సున్నంతో పూత పూశారు. కప్పు మంగుళూరు పెంకు. కానీ గోడ పైభాగంలో సందులు పూడ్చడానికి వాడిన ముక్కలన్నీ గూనపెంకువి, వంపుగా ఉండే పాతకాలపు పెంకువి. అంటే మొదటి కప్పు గూనపెంకుదే, మంగుళూరు పెంకు తరవాత వచ్చింది.

1961లో అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకున్నారు. ఉత్తరం వైపు మూడోవంతు తమ్ముడికి వెళ్ళింది. మండువాకు ఉత్తరాన, వసారా అంచున, అడ్డంగా గోడ లేచింది. మా దగ్గరికి వచ్చింది అన్న వాటా. అంటే మండువా, వీధి గదులు, పడమటి గదులు. యజమాని అరవై దాటిన ఒక పెద్దావిడ. ఆవిడ తమ్ముళ్ళిద్దరూ వేరే ఊళ్ళలో ఉంటారు. ఇల్లు బాగుచేసి, వచ్చిపోయేవాళ్ళకు అద్దెకిచ్చే గదులుగా మార్చాలని వాళ్ళ ఆలోచన.

వచ్చిన సమస్య

"గోడలు నెమ్మెక్కిపోయాయండి, ఏ రంగేసినా ఆర్నెల్లు నిలవట్లేదు. పడగొట్టేయమంటే పడగొట్టేస్తాం, ఉంటుందంటే ఉంచుతాం. మీరే చెప్పండి" అన్నారావిడ మొదటి రోజే. గోడల మీద నాలుగడుగుల ఎత్తు దాకా చెమ్మ ఉంది. పూత పొట్టుపొట్టుగా రాలుతోంది, తెల్లటి ఉప్పు పొంగుతోంది. మండువా స్తంభాల్లో రెండింటి కాళ్ళు మెత్తబడ్డాయి. 1996 నవంబరు తుపానులో ఎగిరిపోయిన పెంకుల చోట సిమెంటు రేకులు వేశారు. రేకులకూ పెంకుకూ మధ్య సందులోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఇంకో సంగతి కూడా అడిగారు. సింహద్వారం కమ్మీ మీద "విళంబి" అని సంవత్సరం పేరు చెక్కి ఉంది. అది 1838 అనీ, ఇల్లు కట్టింది తమ ముత్తాతేననీ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ సంగతి బోర్డు మీద రాయించాలి, కాగితాలు చూసి ఖాయం చేయండి అన్నారు. గోడల పని ఒకటి, చరిత్ర పని ఒకటి అని రెండు వేర్వేరు ఫైళ్ళు తెరిచాను. చరిత్రది తీరికున్నప్పుడు చూద్దామనుకున్నాను. ఈ కేసులో నా పొరపాట్లన్నీ ఆ రెండు ఫైళ్ళ దగ్గరే మొదలయ్యాయి.

ముందు ఏం చేశాం, ఎందుకు పనికిరాలేదు

గోడలకు నాలుగడుగుల దాకా సిమెంటు పూత ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరదలో నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడు పాత సున్నం పూత కొట్టేసి సిమెంటు పూశారు. ఇలాంటివి చాలా ఇళ్ళలో చూశాను కాబట్టి కారణం నాకు వెంటనే తెలిసిపోయిందనుకున్నాను. మట్టి అడుసు గోడలోకి కింది నుంచి నీరు ఎక్కడం మామూలే. సున్నం పూత ఉంటే ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు దాన్ని పోనివ్వదు. దారి లేక నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. తనతో తెచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి పూతను తోసేస్తుంది. ఇదంతా నిజమే. అందుకని వీధి వైపు ఒక గదిలో సిమెంటు మొత్తం తీయించి, గోడను ఆరు వారాలు ఆరబెట్టి, కొత్తగా సున్నం పూత వేయించాను. సంక్రాంతికి చుట్టాలొస్తారు, కనీసం ఒక గదైనా తయారవ్వాలని ఇంటివారు అడిగారు. నేను ఒప్పుకున్నాను.

తరవాతి వానాకాలం రెండో నెలలోనే ఆ పూత మోకాలెత్తు దాకా ఊడిపోయింది. సున్నం తన పని సరిగ్గానే చేసింది. గోడలోకి వచ్చే నీరు మాత్రం నేను ఊహించిన దానికంటే చాలా ఎక్కువ. అది ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోకుండానే నేను చికిత్స మొదలుపెట్టాను.

రెండో ప్రయత్నం కూడా తొందరదే. గోడ అడుగున వరుసగా రంధ్రాలు వేసి నీటిని ఆపే రసాయనం ఎక్కించే పద్ధతి ఒకటుంది. సిమెంటుతోనో గట్టి సున్నంతోనో కట్టిన గోడలో అది కొంతవరకు పనిచేస్తుంది. ఇక్కడ గోడ మధ్యంతా మట్టి, ఇటుక ముక్కలు, ఎలుకలు తవ్విన బొరియలు. ఎక్కించిన రసాయనం ఆ ఖాళీల్లోకి జారిపోయింది. ఒక డబ్బా మొత్తం ఒకే రంధ్రంలో ఇంకిపోతుంటే తాపీమేస్త్రి నా వైపు చూశాడు. పని అక్కడికక్కడే ఆపించాను. ఒక్క గోడ మీదే ప్రయత్నించాం కాబట్టి నష్టం తక్కువ. అయినా ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. మట్టి గోడకు ఇది తగదని నాకు ముందే తెలిసి ఉండాలి.

పెన్సిలు గీతలు

ఆ తరవాత ఆరు నెలలు ఏ మరమ్మతూ చేయనని చెప్పాను. ఇంటివారికి అది నచ్చలేదు. కానీ కారణం తెలియకుండా మూడోసారి డబ్బు ఖర్చుపెట్టించడానికి నాకు మనసొప్పలేదు. పదకొండు చోట్ల సిమెంటు తీయించి, తడి ఎంత ఎత్తుకు ఉందో పదిహేను రోజులకోసారి గోడ మీదే పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయించాం. గీసింది ఆ ఇల్లు కనిపెట్టుకుని ఉండే కుర్రాడు. ఒక్క తేదీ కూడా తప్పిపోనివ్వలేదు.

నా అనుమానం కాలువ మీద ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక ఈ డెల్టా అంతా కాలువల నీటితోనే బతుకుతోంది. కాలువలు పారే రోజుల్లో నూతుల్లో నీళ్ళు పైకి వస్తాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే, అంటే నీళ్ళు ఆపేస్తే, దిగిపోతాయి. చెమ్మ భూగర్భజలం వల్లే అయితే, కాలువకు దగ్గరగా ఉన్న బయటి గోడల్లో ఎక్కువ ఉండాలి, కాలువలు కట్టేశాక బాగా తగ్గాలి.

మే నెల చివర్లో గీతలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి చూశాం. కాలువ వైపు బయటి గోడలో తడి ఇరవై రెండు అంగుళాల నుంచి పన్నెండుకు దిగింది. మండువా చుట్టూ ఉన్న లోపలి గోడల్లో మాత్రం నలభై అంగుళాల దగ్గర మొదలై ముప్ఫై ఆరు దగ్గరే ఆగింది. ఇంటికి నట్టనడుమ, బయటి నీరు తగలని చోట తడి ఎక్కువ. అంటే నీరు బయటి నుంచి రావడం లేదు, ఇంటి మధ్యలోనే దిగుతోంది.

ఆ రోజే ఒక లెక్క వేశాను. మొదటి రోజే వేసి ఉండాల్సింది. మండువాలోకి వాలే కప్పు మొత్తం సుమారు 900 చదరపు అడుగులు. పది సెంటీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్లకు పైగా నీళ్ళు ఆ చిన్న మండువాలోకి దిగుతాయి. కోనసీమలో వాయుగుండం పడితే అలాంటి వాన ఒక్కరోజులో పడుతుంది. ఆ నీళ్ళు బయటికి పోవడానికి మండువాలో కనబడే దారి ఒక్కటే, వీధి వైపు రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టం. దాని నోరు గచ్చు మట్టం కంటే కాస్త ఎత్తులోనే ఉంది. ఈ ఇల్లు కట్టినవాళ్ళు అంత తెలివితక్కువ పని చేసి ఉండరు. మరి అప్పట్లో ఈ నీళ్ళు ఎటు పోయేవి?

కాగితాలు, మనుషులు

రెండు ఫైళ్ళూ అక్కడ ఒకటయ్యాయి. నీటి దారి తెలియాలంటే ఈ ఇంటిని ఎవరెవరు ఎప్పుడు ఎలా వాడుకున్నారో తెలియాలి.

గ్రామకంఠంలోని (ఊళ్ళో ఇళ్ళున్న జాగాలోని) ఇళ్ళ చరిత్ర వెతకడం పొలాల చరిత్ర వెతికినట్టుండదు. పొలానికైతే సర్వే నంబరు ఉంటుంది, బ్రిటిషు కాలపు రీసెటిల్మెంట్ రిజిస్టరు (భూమి శిస్తు లెక్కల పుస్తకం) నుంచి అడంగల్ (సాగు వివరాల పుస్తకం) దాకా పట్టాదారు పేర్లు దొరుకుతాయి. గ్రామకంఠం మొత్తం ఆ పాత రిజిస్టర్లలో ఒకే ముద్దగా ఉంటుంది, అందులోని ఇళ్ళకు విడివిడిగా పేర్లుండవు. అందుకని నేను పక్కిళ్ళ దస్తావేజులు అడుగుతాను. ప్రతి దస్తావేజులోనూ నాలుగు హద్దులు రాస్తారు. మన ఇంటి గురించి మన పెట్టెలో లేని మాట పక్కింటివాళ్ళ పెట్టెలో ఉంటుంది. పెట్టె తెరవమని అడిగేముందు వాళ్ళ అరుగు మీద ఓ గంట కూర్చోవాలి, అంతే.

తూర్పు పక్కింట్లో 1893 నాటి దస్తావేజు దొరికింది. అందులో పడమటి హద్దు ఖాళీ దొడ్డి. అదే ఇంటికి 1904లో రాసిన తనఖా కాగితంలో పడమటి హద్దు పెంకుటిల్లు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. విళంబి 1838లోనూ వచ్చింది, 1898లోనూ వచ్చింది. ఈ రెండు కాగితాల మధ్య పడేది 1898 ఒక్కటే. 1838లో ఆనకట్ట లేదు, డెల్టాలో ఇంకా కరువు రోజులే అన్న వాదన కూడా నాకు తోచింది. కానీ కరువులోనూ ఇల్లు కట్టేవాళ్ళుంటారు. చుట్టూ ఉన్న చరిత్రను బట్టి ఒక ఇంటి వయసు తేల్చకూడదు. ఖాళీ దొడ్డి అన్న ఆ రెండు మాటలు దొరక్కపోతే తేదీ తేలలేదనే చెప్పేవాణ్ణి.

1904 కాగితంలో ఆ పెంకుటింటి యజమాని పేరు ఈ కుటుంబానిది కాదు. వీళ్ళ ముత్తాత ఆ ఇల్లు 1919లో కొన్నాడు. క్రయదస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నకళ్ళలో దొరికింది. ఇది వాళ్ళకు కష్టం కలిగించింది. నేను చెప్పిన తీరు కూడా బాగాలేదు. తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు అందరూ కూర్చున్నచోట కాగితాలు పరిచి చెప్పేశాను. పెద్దావిడకు ముందు ఒక్కరికే చెప్పి, ఆవిడకు నాలుగు రోజులు టైం ఇచ్చి ఉండాల్సింది. ఆ రోజు ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇల్లు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి రావడంలో చిన్నతనం ఏమీ లేదు. అయినా చిన్నప్పటి నుంచి విన్న మాట కాగితంతో పోతే బాధగానే ఉంటుంది.

తరవాత నెమ్మదిగా మిగతావాళ్ళు బయటపడ్డారు. 1931లో ఒక మనోవర్తి (పోషణ కోసం ఇచ్చే హక్కు) దస్తావేజు ఉంది. భర్త పోయిన కోడలికి నైరుతి గది, నూతి నీళ్ళు, పెరట్లోకి నడిచే దారి జీవితాంతం అనుభవించమని రాసిచ్చారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా వితంతువుకు సాధారణంగా దక్కేది అలాంటి జీవితకాలపు హక్కే. ఆ గదికి పెరటి వైపు నాలుగున్నర అడుగుల ఎత్తున్న చిన్న తలుపు ఎందుకుందో నాకు అంతవరకు అర్థం కాలేదు. ఇంటి మిగతా తలుపుల్లో ఏదీ అంత పొట్టిగా లేదు. దాని చుట్టూ ఇటుక వేరే సైజుది, అంటే గోడ కోసి తరవాత పెట్టినది. ఆవిడ ఎవరి కంటా పడకుండా నూతి దగ్గరికి వెళ్ళిరావడానికి పెట్టిన తలుపది. ముప్ఫై ఏళ్ళు ఆవిడ ఆ గదిలోనే ఉన్నారు.

1942లో రంగం (బర్మాలోని రంగూన్) జపాన్ వాళ్ళ చేతికి చిక్కేముందు అక్కడి నుంచి బయటపడి వచ్చిన చుట్టాల కుటుంబం పడమటి గదుల్లో కొన్నేళ్ళు తలదాచుకుంది. వసారా గోడ మీద సున్నం పొరల కింద వాళ్ళ చేతి లెక్కలు కనిపించాయి. ఆ ముక్కను అలాగే ఉంచాం. వాళ్ళ తరవాత అవే గదుల్లో పదమూడేళ్ళు ఒక స్కూలు మాస్టారి కుటుంబం అద్దెకుంది. మాస్టారి కూతురికి ఇప్పుడు డెబ్బై దాటాయి. పక్క మండలంలో ఉంటారు. వెతుక్కుంటూ వెళ్ళి మండువా గురించి అడిగాను.

"మండువాలో నీళ్ళు నిలబడడమేంటి నాయనా? ఉత్తరం మూల తూముండేది కదా. వాన వెలిసేసరికి గచ్చు ఆరిపోయేది. కప్పలు ఆ తూములోంచే వచ్చేవి, మేం కర్రతో తోసేవాళ్ళం. గోడ కట్టాకే పోయింది అదంతా."

గోడ అంటే 1961 గోడ. పంపకాల దస్తావేజు అప్పటికే నా దగ్గరుంది, వాటాల కొలతల కోసం మొదటి రెండు పేజీలు చదివి పక్కన పెట్టాను. ఆ సాయంత్రం మళ్ళీ తీశాను. నాలుగో పేజీలో ఉంది: మండువా వాన నీరు ఎప్పటిలాగే ఉత్తరపు వాటాలోని తూము గుండా పెరటి బోదెలోకి (చిన్న కాలువలోకి) పోవాలనీ, తమ్ముడి వాటావారు అడ్డుపెట్టకూడదనీ.

ఏది పనిచేసింది

తూము వెళ్ళేది పక్కవాటాలోకి. రెండు వాటాల మధ్య ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. దస్తావేజు చూపించి హక్కు అడుగుదామని పెద్దావిడ తమ్ముళ్ళు అన్నారు. నేను వద్దన్నాను. కాగితంతో మొదలుపెడితే అవతలివాళ్ళు వకీలు దగ్గరికి వెళ్తారు, అప్పుడు రెండు వానాకాలాలు పోతాయి. ముందు వాళ్ళ గోడలు చూస్తానని అడిగాను. అడ్డుగోడకు అవతల వాళ్ళ గదిలోనూ అదే ఉప్పు, అదే ఎత్తున తడి. మండువాలో ఇంకిన నీళ్ళు వాళ్ళ గోడ కిందికే చేరుతున్నాయి. పెన్సిలు గీతల కాగితం వాళ్ళకూ చూపించాను. ఆ ఇంటాయన చాలాసేపు దాన్నే చూసి "ఇన్నాళ్ళూ మా నుయ్యే కారణం అనుకున్నామండి" అన్నాడు. తవ్వుకోనిచ్చాడు. పెద్దావిడ ఆయనకు అక్క వరస. తవ్వే రోజు ఆవిడే స్వయంగా వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళారు.

1987లో మండువాలో వేసిన సిమెంటు గచ్చును కోశాం. అది పాత గచ్చు కంటే అయిదంగుళాలు ఎత్తున, వాలు తప్పి వీధి వైపుకు ఉంది. దాని అడుగున పాత సున్నపు గచ్చు దాదాపు చెక్కుచెదరకుండా ఉంది, వాలు సరిగ్గా ఈశాన్యం మూలకు. మూలలో తూము నోరు, ఇటుకతో కట్టి పైన రాతి పలకలు పరిచినది. అయిదడుగుల దూరంలో 1961 గోడ పునాది దాన్ని అడ్డంగా పూడ్చేసింది. గోడ కట్టిన మేస్త్రి తూము కోసం ఒక చిన్న సందు వదిలాడు పాపం. అది ఏళ్ళ తరబడి మట్టితో పూడిపోయింది, సిమెంటు గచ్చుతో పూర్తిగా మూసుకుపోయింది. గోడ పడగొట్టలేదు. పునాది దగ్గర రాతి దూలం పెట్టి సందును అడుగున్నర వెడల్పు చేశాం. తూములో పేరుకున్న మట్టి తీసి బోదె దాకా సాఫు చేయించాం. రెండు వైపులా చెయ్యి పెట్టి శుభ్రం చేసుకునేలా మూతపలకలు పెట్టాం.

తరవాత గోడల్లోని సిమెంటు అంతా తీసేసి ఒక పూర్తి వానాకాలం, ఒక పూర్తి వేసవి ఉత్త ఇటుకతో వదిలేశాం. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. గీతలు ఆగకుండా గీస్తూనే ఉన్నాం. లోపలి గోడల్లో ముప్ఫై ఆరు అంగుళాల గీత ఏడాదికి పద్దెనిమిదికి దిగింది. అప్పుడు ముందు పలచటి సున్నం పూత ఒకటి వేసి, ఉప్పు అందులోకి లాగాక దాన్ని కొట్టేసి, అసలు పూత వేశాం. స్తంభాల మెత్తబడిన కాళ్ళను మంచి చెక్క దాకా కోసి పాత టేకు అతికి, రాతి దిమ్మల మీద నిలబెట్టాం. రేకులు తీసేసి పాత ఇళ్ళ నుంచి తెచ్చిన మంగుళూరు పెంకు కప్పాం. రెండు కప్పులు కలిసే మూలల్లో వెడల్పాటి జింకు రేకు వేశాం. కప్పు పని మామూలుదే, అందులో కొత్తగా చెప్పేదేమీ లేదు.

నైరుతి గది సంగతి మాత్రం చెప్పాలి. అక్కడ అటాచ్డ్ బాత్రూం కట్టి, చిన్న తలుపు మూసేయాలని మొదటి ప్లాను. ఆ ప్లాను గీసింది నేనే. మట్టి అడుసు గోడకు ఆనించి బాత్రూం కడితే ఒక తడి పోగొట్టి ఇంకో తడి తెచ్చినట్టే, కాబట్టి మార్చమని చెప్పడానికి వెళ్ళాను. పెద్దావిడ నాకంటే ముందే నిర్ణయించుకున్నారు. మనోవర్తి కాగితం తెలుగు నకలు ఆవిడ చేతిలో ఉంది. "ఆ తలుపు అలాగే ఉండనివ్వండి. ఆవిడ పేరు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు మాకు" అన్నారు. బాత్రూములు పెరట్లో విడిగా కట్టి, కప్పున్న నడవతో కలిపాం.

బోర్డు మీద 1898 అని రాశారు. కట్టినవారి పేరు ఒకటి, కొన్న ముత్తాత పేరు ఒకటి, వాటి కింద నైరుతి గదిలో ఉన్నావిడ పేరు, రంగం నుంచి వచ్చినవాళ్ళ ఇంటిపేరు, మాస్టారి పేరు. వరస పెద్దావిడే చెప్పారు.

ఈ కేసు తరవాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ పాత ఇంటికి వెళ్ళినా మొదటి వారంలోనే కప్పు నుంచి దిగే నీళ్ళ లెక్క వేస్తాను, ఆ నీళ్ళు ఇంటి హద్దు దాటేదాకా ఎటు పోతున్నాయో నడిచి చూస్తాను. పంపకాలు జరిగిన ఇల్లయితే దస్తావేజు చివరి పేజీ దాకా చదువుతాను. కొలతలు మొదట్లో ఉంటాయి. నీళ్ళు, దారి, నుయ్యి, చూరు లాంటి ఉమ్మడి సంగతులు చివర్లో రాస్తారు. అద్దెకున్నవాళ్ళను తప్పకుండా వెతుకుతాను. యజమానులకు ఇంటి ఘనత గుర్తుంటుంది, అద్దెకున్నవాళ్ళకు ఎక్కడ నీళ్ళు కారేవో గుర్తుంటుంది. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం గీతలు గీయకుండా చెమ్మకు ఏ పనీ ఒప్పుకోవడం లేదు. దీనివల్ల కొందరు క్లయింట్లు వెళ్ళిపోయారు కూడా.

పోయిన వానాకాలం చివర గీతలు చూశాను. మండువా చుట్టూ గోడల్లో ఏడు నుంచి తొమ్మిది అంగుళాలు. నైరుతి గది పడమటి గోడ ఒక్కటి ఇంకా పదహారు దగ్గరే ఆగింది. దాని వెనక పాత నుయ్యి ఉంది, చుట్టూ చప్టా పగిలింది. చప్టా వల్లో, కాలువ వల్లో ఇంకా తేల్చలేదు. వచ్చే వేసవిలో కాలువలు కట్టేశాక ఆ గీత ఎంత దిగుతుందో చూసి గానీ ఆ గోడ ముట్టుకోను. కుర్రాడికి కొత్త పెన్సిళ్ళు ఇచ్చి వచ్చాను.